పెద్దల అమావాస్య ముందు రాత్రి

(డిసెంబరు 17, పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పును తలచుకునే రోజు ఇది. ఆ తీర్పు గురించి, మన బకాయిల గురించి నా ముందు మాట్లాడిన మిత్రులు చెప్పవలసినదంతా చెప్పారు. కార్యదర్శిగారు నాతో, "మీరు మళ్ళీ డి.ఏ. జోలికి పోవద్దు, మీరు చూసి వచ్చిన ఆ ఉత్తరాది వెలుగుల సంగతి చెప్పండి, ఆడవాళ్ళు కూడా వింటారు" అని ఆజ్ఞ వేశారు. నీటిపారుదల శాఖలో 36 ఏళ్ళు గుమాస్తాగిరీ చేసినవాణ్ణి. నోటు రాసి పై అధికారికి పెట్టడం తెలుసు గాని నిలబడి మాట్లాడడం తెలియదు. తప్పులుంటే మన్నించండి.

2024 సెప్టెంబరు ఆఖరున నేను, మా ఆవిడ, మా అమ్మాయి, అల్లుడు, మనవడు కలిసి ఫిన్లాండు దేశం ఉత్తర కొసన ఇనారి అనే ఊరికి పోయి ధ్రువ కాంతులు చూసి వచ్చాము. అయితే ఈ కథ మొదలైంది అక్కడ కాదు. మన పాములపాడులోనే, 1980 ఫిబ్రవరి 16న మొదలైంది.

ఆ రోజు శనివారం, అమావాస్య, సూర్యగ్రహణం. మీలో చాలామందికి జ్ఞాపకం ఉంటుంది. మహబూబ్‌నగర్, నల్గొండ జిల్లాల మీదుగా సంపూర్ణ గ్రహణం పోయింది. జపాల్ రంగాపూర్‌లోని ఉస్మానియా విశ్వవిద్యాలయం వారి నక్షత్రశాలకు ఎక్కడెక్కడి శాస్త్రజ్ఞులో వచ్చి కూర్చున్నారు. మనకు సంపూర్ణం కాలేదు గాని, మధ్యాహ్నం మూడున్నర దాటేసరికి సూర్యుడు సన్నని కొడవలి అంత మిగిలాడు. ఊరు ఊరంతా తలుపులు బిడాయించుకుంది. బస్సు లేదు, మనిషి లేడు, కుక్క కూడా అరవలేదు. మా ఆవిడకు అప్పుడు నాలుగో నెల. గ్రహణం మొర్రి వస్తుందని మా అమ్మ భయం. ఆమెను లోపలి గదిలో పండుకోబెట్టి, కిటికీకి దుప్పటి కట్టి, బయట గొళ్ళెం పెట్టమన్నది. పెట్టింది నేనే.

నేను మాత్రం పెరట్లో నిలబడి చూశాను. సూర్యుణ్ణి చూడలేదు, వేపచెట్టు కింది నేలను చూశాను. ఆకుల సందుల్లోంచి పడే ఎండ చుక్కలు గుండ్రంగా ఉండడం మాని, ఒక్కొక్కటీ ఒక చిన్న కొడవలి అయినాయి. నేల నిండా వేల కొడవళ్ళు. గాలి వీస్తే అన్నీ కలిసి ఊగుతున్నాయి. లోపలినుంచి ఆమె, "ఎట్లుంది?" అని అడిగింది. "ఏముంది, మబ్బు పట్టినట్టుంది, అంతే" అన్నాను. గర్భిణికి ఆశ పెట్టడం ఎందుకని అట్లా అన్నాను. సాయంత్రం పక్కింటి పిల్లవాడు కొడవళ్ళ సంగతి చెప్పేశాడు. అప్పటినుంచి 44 ఏళ్ళు, ఏ మాటా మాటా వచ్చినా ఆమె చివరికి తెచ్చేది ఆ గొళ్ళెమే. "మీరు చూసినారు, నన్ను చూడనియ్యలేదు, పైగా ఏమీ లేదన్నారు." జూలైలో అమ్మాయి పుట్టింది. మొర్రీ లేదు, ఏమీ లేదు.

ఆ అమ్మాయే ఇప్పుడు ఫిన్లాండులో హెల్సింకి పక్కనున్న ఎస్పోలో ఉద్యోగం చేస్తోంది.

2022లో మా ఆవిడకు చూపు తేడా చేసింది. నా ముఖం చూస్తే చెవులు, జుట్టు కనిపిస్తాయట, ముక్కు ఉండవలసిన చోట మసక. కర్నూలులో పెద్ద డాక్టరు పరీక్షలన్నీ చేసి, కంటి వెనక పొరలో నడిమి భాగం వయసుతో అరిగిపోయింది, పక్క చూపు ఉంటుంది, నడిమి చూపు తిరిగి రాదు, ఉన్నది కాపాడుకోండి అన్నాడు. అద్దాలు మార్చినా లాభం లేదన్నాడు. ఆమె బియ్యంలో రాళ్ళు ఏరడం మానేసింది, టీవీ ముందు కూర్చుని వినడం మొదలుపెట్టింది. ఈ సంగతి ఫోనులో చెప్పినప్పుడు మా అమ్మాయి కాసేపు మాట్లాడలేదు. తరువాత, "నాయనా, అమ్మకు ఆ వెలుగులు చూపిద్దాం. ఈ ఏడాదో వచ్చే ఏడాదో, అంతే" అన్నది. ఈ పట్టుదల వెనక గొళ్ళెం కథ ఉందని నాకు తెలుసు. ఆ కథ వింటూ పెరిగిన పిల్ల.

"మసక కళ్ళకు అంత ఖర్చు పెట్టి ఏం చూపిస్తావమ్మా?" అన్నాను. "మీరు ఇంకోసారి గొళ్ళెం పెడుతున్నారు" అన్నది. నేను మళ్ళీ నోరెత్తలేదు.

ఎప్పుడు పోవాలన్నది తరువాతి ప్రశ్న. ఆ వెలుగులంటే మంచులో, నడి చలికాలంలో చూసేవని నేను అనుకునేవాణ్ణి. అక్కడ డిసెంబరు, జనవరిలో మైనస్ 30 డిగ్రీలకు కూడా దిగుతుంది. మన వయసువాళ్ళు ఆ చలిలో రాత్రి పదినిమిషాలు నిలబడలేరు. తీరా విచారిస్తే, వెలుగులకు చలితో పని లేదు. కావలసినవి మూడే: చీకటి, మబ్బులేని ఆకాశం, సూర్యుడి దయ. అక్కడ ఎండాకాలంలో రాత్రే ఉండదు కాబట్టి కనిపించవు. ఆగస్టు ఆఖరు నుంచి చీకటి వస్తుంది, వెలుగులూ వస్తాయి. పగలూ రాత్రీ సమానంగా ఉండే మార్చి, సెప్టెంబరు చుట్టుపక్కల నెలల్లో భూమి అయస్కాంత శక్తి ఎక్కువగా కలత చెందుతుందని శాస్త్రజ్ఞులు చాలాకాలంగా గమనించారు. సెప్టెంబరు, అక్టోబరులో అక్కడి చలి మన ఊరివాళ్ళు స్వెట్టరు మీద స్వెట్టరు వేసుకుని ఓర్చుకోగలిగిన చలి. చెరువులు గడ్డకట్టి ఉండవు కాబట్టి వెలుగు నీళ్ళలోనూ కనిపిస్తుంది. పైగా సూర్యుడికి 11 ఏళ్ళకొక ఉధృతి. అది 2024లో నడిచింది. మళ్ళీ అంత ఉధృతి 2035 ప్రాంతంలో. అప్పటికి నాకు 86. మా ఆవిడ కళ్ళ సంగతి డాక్టరు చెప్పనే చెప్పాడు.

మా అల్లుడు అక్టోబరు నడుమ అనుకున్నాడు. మన దసరా సెలవుల మాదిరి అక్కడి బడులకు అప్పుడొక వారం సెలవు. నేను పంచాంగం తీశాను. ఆ వారం పౌర్ణమి. మంచి కళ్ళవాళ్ళకు వెన్నెల అడ్డం కాదేమో గాని, మసక కళ్ళకు అడ్డమే కదా. అమావాస్య అక్టోబరు 2న. "మామా, అక్కడి వెబ్‌సైట్లన్నీ చూసినాను, మీరు పంచాంగం చూసి చెప్తున్నారు" అని నవ్వాడు. కాని ఒప్పుకున్నాడు. మనవడి టీచరు దగ్గర నాలుగు రోజులు సెలవడిగారు.

ఇక్కడ ఇంకో చిక్కు. అది మహాలయ పక్షం, ఆ అమావాస్య పెద్దల అమావాస్య. "ఆ రోజుల్లో ప్రయాణమా, పెద్దలకు పెట్టేదెవరు?" అని మా తమ్ముడు, వదిన ఇంటికొచ్చి అడిగారు. పెద్దలకు మనం ఎక్కడుంటే అక్కడ పెట్టవచ్చునని మా ఊరి అయ్యవారే చెప్పడంతో ఆ గొడవ తీరింది.

కాగితాల సంగతి రెండు ముక్కలు చెప్తాను, మీకు పనికొస్తుంది. ఆ దేశాల వీసాకు కనీసం 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి. 180 రోజుల్లో 90 రోజులకు మించి ఉండనివ్వరు. నేను పి.పి.ఓ. నకలు, బ్యాంకు స్టేట్‌మెంటు, అమ్మాయి పిలుపు ఉత్తరం, అన్నీ ట్యాగు వేసి, పేజీలకు నెంబర్లు వేసి, ఇండెక్సు పెట్టి ఇచ్చాను. కౌంటరు అమ్మాయి ఇటువంటి ఫైలు ఎప్పుడూ చూడలేదన్నది. మెచ్చుకున్నదో, వెక్కిరించిందో తెలియదు. మందులు మాత్రం డాక్టరు చీటీతో సహా చేతి సంచిలోనే పెట్టుకోండి, లగేజీలో వేయవద్దు. విమానాశ్రయంలో చక్రాల కుర్చీ అడగడానికి సిగ్గుపడవద్దు. నేను సిగ్గుపడి ఢిల్లీలో మోకాళ్ళు పట్టేసి కూర్చున్నాను.

హెల్సింకి నుంచి రాత్రి రైలెక్కితే సుమారు 12 గంటలకు రొవానియెమి. అక్కడికి కాస్త ఎగువనే ఆర్కిటిక్ వృత్తం, అంటే 66న్నర డిగ్రీల గీత, అడ్డంగా పోతుంది. అక్కడినుంచి ఇంకా 325 కిలోమీటర్లు కారులో ఉత్తరానికి. దారి పొడుగునా చెట్లు, చెట్ల వెనక చెరువు, చెరువు వెనక చెట్లు. భుర్జ చెట్ల ఆకులు పసుపుపచ్చగా మారి సగం రాలిపోయాయి. ఈ రంగుల కాలానికి వాళ్ళు రుస్కా అని పేరే పెట్టుకున్నారు. కొన్నిచోట్ల నేల మీది చిన్న తుప్పలు కూడా మిరపకళ్ళం మాదిరి ఎర్రగా ఉన్నాయి. రోడ్డు మీద రెయిన్‌డీర్లు మన ఊరి ఎనుముల కంటే నిదానం. హారను కొట్టినా కదలవు. ఈ దేశం కొసన సామీ అనే జాతివాళ్ళు పూర్వం నుంచి ఉన్నారు, ఆ జంతువుల మందలను మేపేవాళ్ళలో వాళ్ళూ ఉన్నారు.

ఇనారి చెరువు గట్టున చెక్క ఇల్లు అద్దెకు తీసుకున్నారు. చెరువు అన్నాను గాని, సుమారు వెయ్యి చదరపు కిలోమీటర్ల నీరు. దాని నడుమ 3,000కు పైగా దీవులు. మా ఆవిడ బొరుగులు, చెనిక్కాయల పొడి, చింతపండు మోసుకొచ్చింది. ధ్రువం దగ్గర పొద్దున్నే ఉగ్గాని తిన్న కుటుంబం మాదొక్కటే అయి ఉంటుందని నా నమ్మకం.

మొదటి రాత్రి మా అల్లుడు ముందుగానే డబ్బు కట్టి ఒక వ్యాను మాట్లాడాడు. మబ్బులేని చోటు వెతికి చూపిస్తామన్నారు. రాత్రి పన్నెండున్నర దాకా తిప్పారు. ఎక్కడా మబ్బు విడలేదు. వేడి వేడి పండ్లరసం ఇచ్చారు, డబ్బు తిరిగి ఇయ్యలేదు. కాగితం వెనక సన్న అక్షరాల్లో రాసి ఉందట. రెండో రాత్రి వాన. మూడో రాత్రి కూడా మబ్బే. ఫోనులో ఆ దేశపు వాతావరణ శాఖ వారి హెచ్చరిక మాత్రం మోగుతూనే ఉంది. పైన వెలుగులు ఆడుతున్నాయి, కింద మనకు మబ్బు. లోపల పెళ్ళి జరుగుతుంటే బయట పందిట్లో కూర్చున్నట్టుంది.

ఆ మూడు రోజులు ఊరికే కూర్చోక, ఆ వెలుగు ఎట్లా పుడుతుందో మనవడు నాకు చెప్పాడు, నేను మా ఆవిడకు చెప్పాను. మన భాషలో చెప్తాను. మీరంతా బానకచర్ల హెడ్డు చూసినవాళ్ళే. పోతిరెడ్డిపాడు నుంచి వచ్చే నీరు అక్కడ గేట్ల ముందు నిలిచి, ఒక పక్క వెలుగోడు మీదుగా తెలుగుగంగకు, ఒక పక్క ఎస్.ఆర్.బి.సి.కి, నడుమ నిప్పులవాగుకు చీలుతుంది. సూర్యుడినుంచి కూడా ఎడతెగకుండా ఒక ప్రవాహం వస్తుంది, నీరు కాదు, విద్యుత్తు నిండిన అణువుల తునకలు. మామూలుగా సెకనుకు 400 కిలోమీటర్ల ప్రాంతం వేగం. 15 కోట్ల కిలోమీటర్లు దాటి మన దగ్గరకు చేరేసరికి నాలుగు రోజులు. సూర్యుడు ఉగ్రుడైనప్పుడు ఒకటి రెండు రోజుల్లోనే వచ్చి పడుతుంది. భూమికి ఉన్న అయస్కాంత శక్తి మన హెడ్డు లాగా దాన్ని అడ్డుకుని పక్కలకు మళ్ళిస్తుంది. ఆ తోపుడుతో వచ్చిన శక్తి కొంత భూమి వెనకవైపు, రాత్రివైపు చేరి, నిండిన చెరువు మాదిరి ఉండి ఉండి తెగుతుంది. తెగినప్పుడు ఆ తునకలు ధ్రువాల చుట్టూ ఒక వలయంలో దిగి, పైనున్న గాలిని కొడతాయి. నియాన్ దీపంలో వాయువు వెలిగినట్టు గాలి వెలుగుతుంది. ఇనారి సరిగ్గా ఆ వలయం కింద ఉంది.

రంగుల సంగతి నాకు మరీ నచ్చింది. 100 నుంచి 150 కిలోమీటర్ల ఎత్తులో ఆక్సిజన్ ఆకుపచ్చ వెలుగిస్తుంది. 200 కిలోమీటర్లు దాటితే అదే ఆక్సిజన్ ఎరుపు. కారణం, దెబ్బ తిన్న అణువు ఆకుపచ్చ వదలడానికి సెకనులోపే పడుతుంది, ఎరుపు వదలడానికి రెండు నిమిషాలకు దగ్గరగా పడుతుంది. కింద గాలి చిక్కన, అంతసేపట్లో ఇంకో అణువు వచ్చి గుద్ది, శక్తిని లాగేసుకుంటుంది. పైన జనం తక్కువ కాబట్టి తీరికగా ఎర్రబడుతుంది. రద్దీ ఆఫీసులో ఫైలు ఎందుకు తెమలదో నాకప్పుడు శాస్త్రీయంగా అర్థమైంది.

వెనకటివాళ్ళకు ఇదేమీ తెలియదు. ఫిన్లాండువాళ్ళ భాషలో ఆ వెలుగుల పేరుకు అర్థం నక్కమంటలు. ఒక నక్క తోకతో మంచును చిమ్మితే ఆకాశానికి నిప్పురవ్వలు ఎగిశాయని వాళ్ళ కథ. కొన్ని ఉత్తరాది జాతులు చనిపోయినవాళ్ళ ఆత్మలన్నారు. అరోరా అన్న ఇంగ్లీషు పేరు రోమనుల ఉషాదేవిది. మన ఉషస్సు అనుకోండి. బాలగంగాధర తిలక్ 1903లో ఒక పుస్తకం అచ్చువేశాడు, వేదాల్లోని ఉషస్సు వర్ణన ధ్రువ ప్రాంతపు సుదీర్ఘమైన తెల్లవారు జామునే చెప్తోందని, మన పూర్వులు అక్కడివారేనని. పెద్దాయన మీద గౌరవం ఉంది గాని, ఆ వాదం నాకు ఎక్కలేదు. ఆ చలిలో మన పూర్వులు అంతసేపు కూర్చుని మంత్రాలు చెప్పి ఉంటారని నేను నమ్మను.

నాలుగో రాత్రి, అక్టోబరు 1. మరునాడు మధ్యాహ్నం బయలుదేరాలి. అదే ఆఖరు. తొమ్మిది దాకా మబ్బే. మా అమ్మాయి ముఖం చిన్నబోయింది. ఎవరూ మాట్లాడడం లేదు. లోపల కొలిమి వేడికి ఉక్కపోస్తోందని మా ఆవిడ బయట వరండాలో కూర్చుంటానన్నది. పడక కుర్చీ వేసి, రెండు దుప్పట్లు కప్పి, తలకు మఫ్లరు చుట్టి కూర్చోబెట్టాము. మేము లోపల దీపం వెలుతురులో ఫోను చుట్టూ మూగాము. ఫోనులో ఏదో అంకె పెరిగిందని మనవడు, తగ్గిందని అల్లుడు.

పది దాటాక ఆమె పిలిచింది. "ఏమండీ, ఇట్లా రాండి. ఎవరో సున్నం కలిపి చిమ్మినట్టుంది."

పోయి చూశాను. నాకేమీ కనిపించలేదు. చిమ్మచీకటి. నడినెత్తిన ఏదో లేత మరక. "మబ్బే, పడుకో" అన్నాను.

ఆమె గొంతు మారలేదు. "మబ్బయితే దానెనక చుక్కలెట్లా కనిపిస్తాయి?" అన్నది.

తలెత్తి మళ్ళీ చూశాను. నిజమే. మబ్బు చుక్కలను మూస్తుంది. ఇది మూయడం లేదు. మబ్బు ఎప్పుడు విడిపోయిందో మాకెవరికీ తెలియదు. వెలుతురులోంచి వచ్చిన కళ్ళు చీకటికి అలవాటు పడడానికి ఇరవై ముప్పై నిమిషాలు పడుతుంది. ఆమె గంటసేపటి నుంచి చీకట్లో ఉంది. ఇంకొకటి, తరువాత మనవడు చదివి చెప్పాడు: సన్నని వెలుతురును పట్టేది కంటిపొరలో పక్క భాగాలు. నడిమి చుక్కలో ఆ పని చేసే కణాలే ఉండవు. అందుకే మసక చుక్కను చూడాలంటే ఓరగా చూడాలంటారు. ఆమెకు మిగిలిందే ఆ పక్క చూపు. డాక్టరు ఇది చెప్పలేదు. అతన్ని తప్పు పట్టను, మేము అడిగింది బియ్యంలో రాళ్ళ గురించి.

అందరినీ పిలిచాను. లోపలి దీపం ఆర్పించాను. ఐదు నిమిషాలకు ఆ మరక సాగి, తూర్పునుంచి పడమరకు ఒక వంతెన అయింది. తరువాత దాని అంచు కదిలింది. మీరు గంజిపెట్టిన చీర దండెం మీద గాలికి ఆడడం చూసి ఉంటారు. కుచ్చిళ్ళు ఒక కొసనుంచి రెండో కొసకు పరుగెత్తుతాయి. అట్లా పరుగెత్తింది. ఒక దండెం కాదు, మూడు నాలుగు. ఒక్క చప్పుడు లేదు. అంత పెద్దది అంత వేగంగా కదిలితే ఏదో మోత రావాలని మనసు ఎదురుచూస్తుంది. రాదు. తరువాత అది సరిగ్గా మా నెత్తిమీదికి వచ్చి, పైనుంచి కిందికి గొడుగు విప్పినట్టు విచ్చుకుంది. చెరువులో ఇంకో గొడుగు. మా అల్లుడు ఫొటోలు తీస్తున్నాడు. మా అమ్మాయి తల్లి కుర్చీ పక్కన చెక్కల మీద కూలబడి ఏడుస్తోంది.

మనవడు, "అవ్వా, గ్రీన్! కింద పింక్!" అని గెంతుతున్నాడు. నాకు లేత ఆకుపచ్చ కనిపించింది, పింకు కనిపించలేదు. ఆమె, "తెల్లగా ఉంది. పాలు పొంగినట్టు" అన్నది. రంగు చూసే కణాలు ఎక్కువగా ఉండేది ఆ నడిమి చుక్కలోనే. 12 ఏళ్ళవాడికి ఒక ఆకాశం, 75 ఏళ్ళవాడికి ఒకటి, ఆమెకు ఒకటి. గట్టిగా పదిహేను నిమిషాలు ఆడి, మళ్ళీ మరక అయి, రెండు గంటల దాకా మిణుకుతూనే ఉంది. అంతసేపూ ఆమె లోపలికి రాలేదు.

ఆ మధ్యలో నేను ధ్రువ నక్షత్రం వెతికాను. మన పాములపాడులో అది ఉత్తరాన 16 డిగ్రీల ఎత్తులో ఉంటుంది. చెయ్యి చాచి పిడికిలి పడితే ఒకటిన్నర పిడికిళ్ళు. అక్కడ 69 డిగ్రీలు, మెడ నొప్పి పుట్టేంత పైన. సప్తర్షులు అక్కడ అస్తమించనే అస్తమించరు. మా పెళ్ళి ముహూర్తం మధ్యాహ్నం. అయ్యవారు మిట్ట ఎండలో వేలు చూపించి అరుంధతి అన్నాడు, ఇద్దరమూ కనిపించిందన్నాము. ఆ సంగతి గుర్తు చేసి, "ఇప్పుడు చూపిస్తాను, చూడు" అన్నాను. "నాకు అంత చిన్నవి కనిపించవు. పెద్దది చూశాను కదా" అన్నది. కాసేపాగి, "ఈసారి కూడా మబ్బే అన్నారు" అన్నది. నా దగ్గర సమాధానం లేదు.

తెల్లవారి పెద్దల అమావాస్య. చెరువు నీళ్ళు చేతులు కొరికేస్తున్నాయి. గట్టున రాతి మీద అన్నం ముద్దలు పెట్టి, మా నాయన, అమ్మ పేర్లు చెప్పాను. కాకి రాలేదు. కాసేపటికి నాకు పేరు తెలియని బూడిదరంగు పిట్ట ఒకటి వచ్చి ఎత్తుకుపోయింది. మా ఆవిడ సంతృప్తి పడింది. రాత్రి వచ్చినవాళ్ళు కూడా పెద్దలేమో అన్నది. ఆమె గదికి గొళ్ళెం పెట్టించిన మా అమ్మ కూడా ఆ గుంపులో ఉందేమో అన్నాను. "ఉంటే ఆమె కూడా చూసే ఉంటుందిలే" అన్నది.

మేము అక్టోబరు 8న ఇల్లు చేరాము. రెండు రోజులకు తమాషా జరిగింది. 10వ తేదీ రాత్రి సూర్యుడి ఉధృతికి లదాఖ్‌లోని హాన్లేలో ఆకాశం ఎర్రబడింది. సుమారు 4,500 మీటర్ల ఎత్తులో ఉన్న మన నక్షత్రశాల అది, బెంగళూరులోని భారత ఖభౌతిక సంస్థ వారిది. అక్కడి కెమెరాలకు చిక్కింది. అంతకుముందు మే నెల 10వ తేదీ రాత్రి కూడా అంతే. ఎరుపు చాలా ఎత్తులో పుడుతుందని చెప్పాను కదా, అందుకే అంత దక్షిణానికి అదొక్కటే కనిపిస్తుంది. మా తమ్ముడు పేపరు పట్టుకుని వచ్చి, "అంత దూరం పోయినావే, అదే మన దేశానికి వచ్చింది చూడు" అన్నాడు. మాకు ఇది కొత్త కూడా కాదట. 1872 ఫిబ్రవరి 4న బొంబాయిలో కూడా కనిపించిందని రికార్డులున్నాయి. 1859 సెప్టెంబరులో వచ్చిన మహా అయస్కాంత తుపానును బొంబాయి కొలాబాలోని పరికరాలు కొలిచి రాసిపెట్టాయి, ఆ లెక్కలు నేటికీ శాస్త్రజ్ఞులకు ఆధారం. ఎవరో ఒక గుమాస్తా వేళ తప్పకుండా అంకెలు వేసి ఉంటాడు. అప్పుడు టెలిగ్రాఫు తీగలు నిప్పులు కక్కాయి. ఇప్పుడైతే ఉపగ్రహాలు, కరెంటు లైన్లు దెబ్బతింటాయి. అందుకే మన శ్రీహరికోట నుంచి 2023 సెప్టెంబరు 2న ఆదిత్య ఎల్-1ను పంపారు. అది 2024 జనవరి 6న భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరంలో తన చోటుకు చేరింది. సూర్యుడినుంచి వచ్చే ప్రవాహాన్ని మనకంటే ముందు చూస్తుంది. హెడ్డుకు ఎగువన గేజి పెట్టినట్టు.

మా ఆవిడ కుడికంటి చూపు ఈ ఏడాది ఇంకొంచెం తగ్గింది. ఎడమ కన్ను అట్లాగే ఉంది.

ఫొటోలు పెద్దవి చేయించి సంఘం ఆఫీసులో ఇచ్చాను, చూడదలచినవారు చూడవచ్చు. వాటిలో అంతా ఆకుపచ్చగా, అంచున గులాబీగా ఉంటుంది. కెమెరా కొన్ని సెకన్లు రెప్ప తెరిచి వెలుతురు పోగేసుకుంటుంది కాబట్టి అట్లా వస్తుంది. మా ఇంటికి వచ్చినవాళ్ళకు నేను ఆ ఫొటోలు చూపించబోతే మా ఆవిడ ఒప్పుకోదు. అవి తప్పు, ఆ రాత్రి ఆకాశం తెల్లగానే ఉంది, ముందుగా చూసింది నేను, నన్నడగండి అంటుంది.